అప్పుడు కొండకు బస్సు లేదమ్మా

తిరుపతి

చిట్టితల్లీ,

బ్యాంకు ఉద్యోగం మానేసి హైదరాబాదులో సీరియల్ రాయడానికి పోతున్నావని మీ అమ్మ ఫోన్లో ఏడ్చింది. నాకూ గుబులుగానే ఉంది. అయినా 1930ల నాటి మన తిరుపతి కథ అని తెలిశాక ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. రూపాయికి పదహారణాలు, నయాపైసలు వచ్చింది 1957లో. కొండ మీద పెత్తనం 1933 దాకా హాథీరాంజీ మఠం మహంతులది. ఎవరి నోటా 'టెన్షన్' అన్న మాట రాకూడదు. వేళకు తిను.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. 1988లో ఒక సీరియల్‌కి సంభాషణలు రాశాను. 1936లో పెళ్ళైన జంట. వాళ్ళను కొండకు బస్సెక్కించాను. కిటికీ దగ్గర ఆమె, పక్కన అతను, మూడు పేజీల మాటలు. పంచెకట్టు, ముక్కుపుడక అన్నీ వెతికి పెట్టించాను. ఆ భాగం వచ్చిన రాత్రి మా జేజి కదలకుండా కూర్చుని చూసింది. అన్నాలప్పుడు మెల్లగా అడిగింది, "అప్పుడు కొండకు బస్సు యాడుండాది నాయినా?"

ఘాట్ రోడ్డు పడింది 1944లో. నాకు ముద్ద దిగలేదు.

ఆమె చెప్పుకుంటూ పోయింది. అలిపిరి కాడ చీకటితోనే మొదలుపెట్టి, మెట్టు మెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టుకుంటూ ఎక్కిందట. అత్తగారిని డోలీలో మోయించారట. మోకాళ్ళ మెట్టు కాడ జేజి కూలబడింది. పెళ్ళై ఆర్నెల్లైనా నలుగురిలో పలకరించని మా తాత నాలుగు మెట్లు వెనక్కి దిగొచ్చి, "నొప్పిగా ఉందా?" అన్నాడట. ఆ మాట చెబుతూ జేజి తన మోకాలు నిమురుకుంది.

ఏడాది తప్పినందుకు కాదమ్మా నా బాధ. నా బస్సు ఆ మెట్టునూ ఆ మాటనూ మింగేసింది. ఆ కాలంలో ఉన్న వస్తువులు అందరూ వెతుకుతారు. ఏవి లేవో నువ్వు వెతుకు. బస్సు లేకపోతే నడవాలి, నడిస్తే ఆయాసం, ఆయాసపడితే ఎవరో ఒకరు ఆగాలి. నీ సీను అక్కడుంటుంది. పాతకాలపు సీరియల్ చూసేటప్పుడు కూడా చీరలు మెచ్చుకుని ఊరుకోవద్దు. మనసులోది చెప్పడానికి ఆనాటి మర్యాద అడ్డమొచ్చి, పాత్ర ఇంకేదో మాట అంటుంది చూడు, రాసినవాళ్ళ పనితనం అక్కడ పట్టుకో.

కంప్యూటర్లో దొరుకుతుందిలే అనుకుంటావని నా భయం. కోప్పడుతున్నాననుకోకు. జేజి పోయాక నాకు గుర్తొచ్చిన ప్రశ్నలు ఒక నోటుబుక్కు నిండా ఉన్నాయి, అడగడానికి మనిషి లేదు. ఘాట్ రోడ్డు పడినప్పుడు మీ అవ్వ పదేళ్ళ పిల్ల. హైదరాబాదు బండెక్కే ముందు రెండు రోజులు ఇక్కడుండి పో. పొద్దున పూటే అడుగు, సాయంత్రమైతే పేర్లు తడబడుతుంది. కుడివైపు కూర్చో, ఎడమ చెవి వినిపించదు.

నీ మామ