కౌజు గుడ్లు పిల్లలు కాకపోతే పారేయకండి, పగలగొట్టి చూడండి

ప్రశ్న: మాది కంకిపాడు దగ్గర పల్లె. రెండేళ్ల కిందట ముప్పై కౌజు పిట్టలు కొన్నాను. అప్పటి నుంచి వాటి పిల్లలనే పెంచుకుంటూ వస్తున్నాను. థర్మాకోల్ పెట్టెలో బల్బు, థర్మోస్టాట్ పెట్టి ఇంట్లోనే పొదిగిస్తాను, ఫ్యాను లేదు. పెట్టెలో నీళ్ల గిన్నె మొదటి రోజు నుంచీ నిండుగా ఉంచుతాను. సంక్రాంతి ముందు పెట్టిన గుడ్లు బాగానే పిల్లలయ్యాయి. ఏప్రిల్ నుంచి నష్టమే. ఈసారి పది పన్నెండు రోజులు పోగేసిన 90 గుడ్లు పెడితే 19 పిల్లలే లేచాయి, అవీ 19, 20 రోజులకు. 12 గుడ్లలో పిల్లలు పెంకు చిట్లించి లోపలే చనిపోయాయి. మిగతావి పారేశాను. లోపం ఎక్కడుంది?

జవాబు: అమ్మా, మీరు పారేసిన ఆ 59 గుడ్లే మీ ప్రశ్నకు అసలైన జవాబు చెప్పేవి. పిండం ఏ వయసులో ఆగిపోయిందో తెలిస్తే తప్పు పిట్టల్లో ఉందా, గుడ్ల నిల్వలో ఉందా, పెట్టెలో ఉందా అన్నది చాలావరకు తేలిపోతుంది. అది చూడకుండా థర్మోస్టాట్ మార్చినా, బల్బు మార్చినా ఖర్చే తప్ప ఫలితం ఉండదు.

ఈసారి పిల్లలు లేవడం ఆగిన తర్వాత ఒక రోజు చూసి, మిగిలిన గుడ్లన్నీ ఆరుబయటికి తీసుకెళ్లండి. చేతులకు తొడుగులు వేసుకుని, ఒక్కో గుడ్డును లావు కొస వైపు చిదిపి వెడల్పాటి పళ్లెంలో వంచండి. పచ్చసొన గుండ్రంగా, నెత్తుటి జాడ లేకుండా ఉంటే అది చాలావరకు విత్తనం పడని గుడ్డు. పచ్చసొన చుట్టూ ఎర్రటి వలయం కనిపిస్తే పిండం మొదటి మూడు నాలుగు రోజుల్లోనే పోయింది. నల్లటి కన్ను కనిపించి ఈకలు రాకపోతే మధ్యలో, ఒళ్లంతా ఈకలతో గుడ్డు నిండా ఉంటే చివర్లో పోయిందని అర్థం. ఒక్కో రకం ఎన్ని వచ్చాయో కాగితం మీద గీతలు పెట్టుకోండి. మురిగిపోయాక విత్తనం పడిందో లేదో చెప్పడం కష్టం కాబట్టి ఏడో రోజు రాత్రి ఒకసారి టార్చి కూడా వేసి చూడాలి. కౌజు పెంకు మీద నల్ల మచ్చలుంటాయి, కోడిగుడ్డులా తేలిగ్గా కనబడదు. గదిలో దీపం ఆర్పి, అట్టముక్కకు రూపాయి బిళ్లకంటే చిన్న కంత చేసి, దాని వెనక గట్టి ఎల్ఈడీ టార్చి పెట్టి చూడండి. పెరుగుతున్న గుడ్డులో నరాలు ఎర్రగా అల్లుకుని ఉంటాయి. ఏమీ లేని గుడ్డును అప్పుడే పగలగొడితే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఇక మీ ఉత్తరాన్ని బట్టి చెప్పగలిగినవి చెబుతాను. సంక్రాంతికి బాగుండి ఏప్రిల్ నుంచి పాడైందంటే నా మొదటి అనుమానం గుడ్ల నిల్వ మీదే. గుడ్లు 15 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో ఉంటే వారం వరకు పనికొస్తాయి. మన విజయవాడ చుట్టుపక్కల ఎండాకాలంలో వంటింటి అలమరలోనే 35 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి పిండం నిద్రపోదు, పూర్తిగా పెరగనూ పెరగదు. సగం సగం పెరుగుతూ నీరసించి, పెట్టెలో పెట్టిన రెండు మూడు రోజులకే ఆగిపోతుంది. పగలగొట్టినప్పుడు ఎర్రటి వలయాలు ఎక్కువగా కనిపిస్తే ఇదే కారణం అనుకోండి. ఎండాకాలంలో మూడు నాలుగు రోజుల గుడ్లకు మించి పోగేయకండి. తొంభై పెట్టాలన్న పట్టుదల వద్దు, నలభై పెట్టినా ముప్పై పిల్లలు లేస్తే అదే లాభం. గుడ్లను ఉదయం, సాయంత్రం ఏరి, తడి ఇసుకలో సగం వరకు పాతిన మట్టికుండలో, సన్న కొస కిందికి వచ్చేలా పేర్చి, పైన పల్చటి గుడ్డ కప్పండి. ఉక్కపోత రోజుల్లో కుండ అంతగా చల్లబడదు గానీ అలమర కంటే ఎంతో మేలు. ఫ్రిజ్ మాత్రం వద్దు, ఆ చలి మరీ ఎక్కువ.

రెండోది ఆలస్యం. పెంపకపు కౌజు పిల్ల 17, 18 రోజులకు బయటికి రావాలి. నిల్వ గుడ్లు కాస్త వెనకబడతాయి, కానీ పన్నెండు రోజుల నిల్వకు అది సగం రోజుకు మించదు. 20వ రోజు దాకా సాగిందంటే గుడ్డుకు అందిన వేడి తక్కువ. ఫ్యాను ఉన్న పెట్టెలో 37.5 నుంచి 37.7 డిగ్రీలు సరిపోతుంది. ఫ్యాను లేని పెట్టెలో వేడిగాలి పైకి చేరుతుంది, అడుగున చల్లగా ఉంటుంది. అందుకే అందులో గుడ్డు పైభాగం దగ్గర 38.3 నుంచి 38.8 ఉండాలి. మీ థర్మోస్టాట్ మొన ఎక్కడ వేలాడుతోందో ఒకసారి చూడండి. కోడిగుడ్ల ఎత్తుకు కట్టి ఉంటే, పడుకున్న కౌజు గుడ్డు దానికి రెండు వేళ్ల కింద ఉంటుంది. పైన 38 చూపిస్తున్నా గుడ్డు దగ్గర అంతకంటే తక్కువే. వీలైతే కంప్యూటర్ల దుకాణంలో దొరికే చిన్న ఫ్యాను ఒకటి బిగించండి, ఈ తేడా చాలావరకు పోతుంది. థర్మోస్టాట్ అంకెను గుడ్డిగా నమ్మకండి. గోరువెచ్చటి నీళ్లలో దాని మొననూ జ్వరం చూసే థర్మామీటరునూ పక్కపక్కన ముంచితే ఎంత తప్పు చూపిస్తోందో తెలుస్తుంది.

పెట్టెను రేకుల కింద మాత్రం ఉంచకండి. థర్మోస్టాట్ బల్బును ఆర్పగలదు గానీ పెట్టెను చల్లబరచలేదు. మధ్యాహ్నం గది 40కి చేరితే పెట్టె కూడా 40కి చేరుతుంది. కరెంటు పోయి అరగంట చల్లబడితే పిండం తట్టుకుంటుంది, కానీ రెండు డిగ్రీల అదనపు వేడి కొన్ని గంటలు సాగితే తట్టుకోవడం కష్టం.

పెంకు చిట్లించి చనిపోయిన ఆ పన్నెండు పిల్లల గురించి చదివితే బాధేసింది, ఎందుకంటే అవి గెలుపు దాకా వచ్చాయి. ఇక్కడ నాకు అనుమానం మీ నిండు నీళ్ల గిన్నె మీద. మొదటి 14 రోజులు గాలిలో తేమ 55 నుంచి 60 శాతం ఉంటే చాలు. అంతకు మించితే గుడ్డులోని నీరు బయటికి పోదు, లావు కొసలో గాలి అర చిన్నదిగా మిగిలిపోతుంది, పిల్లకు మొదటి ఊపిరికి చోటుండదు. చనిపోయిన పిల్ల ముక్కు దగ్గర జిగురు నీళ్లు కారుతుంటే ఇదే. దీన్ని వంటింటి తూకంతో పట్టుకోవచ్చు. పెట్టెలో పెట్టేటప్పుడు 20 గుడ్లు కలిపి తూచి రాసుకోండి. 230 గ్రాములు ఉన్నాయనుకుంటే 14, 15 రోజులకు దాదాపు 202కు రావాలి. 215 దగ్గరే ఉంటే నీళ్లు తగ్గించాలి, 190కి పడిపోతే పెంచాలి. తేమ మీటరు కొన్నట్టయితే దాన్నీ పరీక్షించండి: సీసా మూతలో ఉప్పు పోసి నాలుగు చుక్కల నీటితో తడిపి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో రాత్రంతా ఉంచితే పొద్దున 75 చూపించాలి.

14వ రోజు దాకా రోజుకు ఐదుసార్లు గుడ్లు తిప్పండి. 15వ రోజు నుంచి తిప్పడం ఆపి, తేమను 70 శాతానికి పెంచి, గాలి కంతలన్నీ తెరిచి ఉంచండి, ఆ దశలో పిల్లకు గాలి ఎక్కువ కావాలి. పిల్లలు పెంకు చిట్లించడం మొదలయ్యాక మూత మాటిమాటికీ తీయకండి. తీసిన ప్రతిసారీ తడి పోయి లోపలి పొర ఎండి పిల్లను బిగించేస్తుంది. ఆత్రం ఉంటుంది, నాకు తెలుసు. మూతకు గాజు ముక్క బిగించుకుని అందులోంచే చూడండి.

రెండేళ్లుగా అదే మంద అన్నారు. ఇది తేలిగ్గా తీసుకోకండి. కౌజు ఏడు వారాలకే గుడ్డుకు వస్తుంది, ఏడాదిలో మూడు నాలుగు తరాలు తిరిగిపోతాయి. అన్నాచెల్లెళ్ల జతలు పడుతూ పోతే ముందు దెబ్బతినేది పొదుగే. కౌజుల్లో ఈ నష్టం కోళ్లలో కంటే తొందరగా కనబడుతుంది. వేరే ఊరి మందనుంచి కొత్త మగపిట్టలు తెచ్చి, రెండు మూడు పెట్టలకు ఒక పుంజు చొప్పున వదలండి. పుంజు మంచి వయసులో ఉందో లేదో తోక కింద మెత్తగా నొక్కి చూస్తే తెలుస్తుంది, తెల్లటి నురుగు వస్తే పనికొస్తుంది. పగలగొట్టిన గుడ్లలో విత్తనం పడనివి ఎక్కువగా ఉంటే ముందు పుంజుల వైపే చూడండి. ఎనిమిది నెలలు దాటిన పిట్టల గుడ్లు కూరకు వాడుకోండి, పొదుగుకు వద్దు.

మధ్య వయసు పిండాలు ఎక్కువ పోయి ఉంటే మేత సంగతి చూడాలి. గుడ్ల కోళ్ల మేతలో మాంసకృత్తులు 16, 17 శాతమే ఉంటాయి, కౌజు తల్లులకు 20 శాతం కావాలి, విటమిన్లు కూడా. గుడ్లు పగలగానే దుర్వాసన వస్తే, పిల్లల బొడ్డు తడిగా ఉంటే పెట్టెలోకి సూక్ష్మజీవులు చేరాయని అర్థం. ఆ విడతలో మిగిలిన గుడ్లు నాలుగైదు పగలగొట్టకుండా ఐస్ డబ్బాలో పెట్టి, మీకు దగ్గర్లోనే ఉన్న గన్నవరం పశువైద్య కళాశాలకు తీసుకెళ్లి చూపించండి. ఈసారి గీతలు పెట్టిన కాగితం, తూకం లెక్క రెండూ ఫొటో తీసి పంపండి, ఏది ముందు మార్చాలో చూసి చెబుతాను.