నోట్సు వెనక పేజీల్లో కుకీల లెక్కలు: మా అమ్మాయి చదువు దారి తప్పుతోందా?

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి. ఏడాదిగా ప్రతి ఆదివారం ఓవెన్ ముందే ఉంటోంది. పది రకాలు చేసినా సరదా అనుకునేవాళ్లం. దాల్చినచెక్క పొడి, చక్కెర అద్దిన కుకీలు ఒక్కటే పట్టుకుని మళ్లీ మళ్లీ చేస్తోంది. ఎలా మార్చి చూడాలో ఎవరూ చెప్పలేదు, తనే చేస్తోంది. ఇంటికి ఎవరొచ్చినా ఆ కుకీలే పెడతాం, అందరూ మెచ్చుకుంటారు. కెమిస్ట్రీ నోట్సు వెనక పేజీలన్నీ వాటి లెక్కలే (ఫొటో పంపుతున్నాను). ఇప్పుడు బేకింగే నా కెరీర్ అంటోంది. నాకేమో ఇదంతా టైం వేస్టు అనిపిస్తోంది. ఫుడ్ టెక్నాలజీ డిగ్రీ మేలా, పేస్ట్రీ డిప్లొమానా, ఇంట్లో చేసి ఆన్‌లైన్‌లో అమ్ముకోవడమా? వాళ్ల నాన్న మాత్రం ఇదంతా చదువు తప్పించుకోవడానికేనని, ఆ పేజీలు చింపేస్తానని అంటున్నారు.

జవాబు: అమ్మా, మీరు మూడు దారుల గురించి అడిగారు. ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు వినిపించింది మాత్రం వేరే ప్రశ్న: ‘పిల్ల మా చేయి దాటిపోతోందా?’ బొమ్మలేసే పిల్లల తల్లులూ, పాటలు పాడే పిల్లల తండ్రులూ నన్ను అడిగేది ఇదే. అందుకే ముందు దీనికి జవాబు చెబుతాను. దాటిపోవట్లేదు. మీరు పంపిన ఫొటో చూశాకే ఈ మాట అంటున్నాను.

ఆ పేజీని మీరు ఫిర్యాదుగా పంపారు. నేను దాన్ని పెద్దది చేసుకుని చదివాను. ‘6వ సారి: వెన్న మరీ మెత్తబడింది. కుకీలు పరుచుకుపోయి ఒకదానికొకటి అంటుకున్నాయి. 7వ సారి: కొలతలు అవే. ముద్దను 30 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టా. అంచులు నిలబడ్డాయి. 8వ సారి: క్రీమ్ ఆఫ్ టార్టర్, సోడా బదులు బేకింగ్ పౌడర్. పొంగాయి, కానీ ఆ పులుపు లేదు.’

ఒకసారికి ఒక్కటే మార్చింది, చూశారా? మిగతావన్నీ కదపలేదు. ఇది ఆమెకు ఎవరూ చెప్పలేదని మీరే రాశారు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. గుడ్డు, మైదా గట్టిపడాలంటే అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. ఈ మధ్యలో దొరికే సమయంలోనే ఉండ కరిగి పరుచుకుంటుంది. ముద్ద చల్లగా ఉంటే వెన్న కరగడం ఆలస్యమవుతుంది, కుకీ ఆకారం నిలబడుతుంది. క్రీమ్ ఆఫ్ టార్టర్ అంటే బేకింగ్‌లో వాడే పుల్లటి తెల్ల పొడి, అది ఆమ్లం. సోడా క్షారం. రెండూ కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, ముద్ద పొంగుతుంది. ఆ ఆమ్లమే నాలుకకు సన్నటి పులుపు తగిలిస్తుంది, చక్కెర మళ్లీ గడ్డకట్టకుండా చూసి కొరికితే సాగే మెత్తదనం ఇస్తుంది. ముందు పేజీల్లో పాఠంగా రాసుకున్నదాన్ని మీ అమ్మాయి వెనక పేజీల్లో చేసి చూసుకుంది. దీన్ని చదువు తప్పించుకోవడమని ఎలా అంటామమ్మా?

ఇంకో మాట, కాస్త కటువుగానే చెబుతాను. ఇంటికి ఎవరొచ్చినా ఆ కుకీలే పెడతామని, అందరూ మెచ్చుకుంటారని మీరే రాశారు. కాస్త కిందకి వచ్చేసరికి ‘టైం వేస్టు’ అనీ రాశారు. వచ్చినవాళ్ల ముందు గొప్పగా చెప్పుకోవడానికి పనికొచ్చిన పని, వాళ్లు గుమ్మం దాటగానే వేస్టు ఎలా అయింది? పదిహేడేళ్ల పిల్ల ఈ రెండు మాటలూ వింటూ మీతో మనసు విప్పి మాట్లాడాలంటే ఎలా మాట్లాడుతుంది? ఆ పేజీలు చింపొద్దని వాళ్ల నాన్నగారికి నా మాటగా చెప్పండి. రేపు ఏ కోర్సు ఇంటర్వ్యూకి వెళ్లినా, మార్కుల జాబితా పక్కన పెట్టి చూపించదగ్గవి ఆ పేజీలే.

ఇక దారుల సంగతి. ప్రవేశ పరీక్షలు, అర్హతలు మీకు తెలిసే ఉంటాయి, వాటి జోలికి వెళ్లను. నాకు నిజంగా అనుమానం ఉన్నది మూడో దారి మీద, అంటే ఇప్పుడు అందరూ మోజు పడుతున్న ఇంటి బేకరీ, ఆన్‌లైన్ పేజీ మీద. వీడియోలో ఉండను దాల్చినచెక్క చక్కెరలో దొర్లించడం ఎంతో ముచ్చటగా ఉంటుంది. 240 కుకీల ఆర్డరు వచ్చినరోజు సంగతి వేరు. ట్రేకి 12 చొప్పున 20 ట్రేలు, ఒక్కోటి 10 నిమిషాలు. ఇంటి ఓవెన్‌లో ఒక్కో ట్రేనే పెడితే కాల్చడానికే 3 గంటల 20 నిమిషాలు. తూచడం, ఉండలు చేయడం, గిన్నెలు కడగడం ఇందులో కలపలేదు. తొందరపడి వేడి తగ్గకముందే డబ్బాలో సర్దితే ఆవిరి పట్టి పైన చక్కెర కరుగుతుంది, కుకీలన్నీ జిగటగా అంటుకుంటాయి. గుడ్డు, గోధుమ, పాలు పడనివాళ్లు కొంటే ఏమవుతుందో ముందే ఆలోచించి డబ్బా మీద రాయాలి. ఇవేవీ వీడియోల్లో కనిపించవు. అమ్మకం తప్పని నేను అనను. కానీ పని నేర్చుకోకముందే అమ్మకం మొదలైతే, వచ్చిన ఆర్డర్లకే సమయమంతా పోతుంది. మీ అమ్మాయి 9వ సారి ఏం మార్చి చూడాలో ఆలోచించే తీరిక ఉండదు.

పొట్టి కోర్సుల విషయంలోనూ జాగ్రత్త. కొన్నేళ్ల క్రితం కరపత్రం చూసి ముచ్చటపడి, ఒక కుర్రాడిని నేనే అలాంటి కోర్సుకి పంపాను. ఇరవై రెసిపీలు, ఒక సర్టిఫికెట్టుతో తిరిగొచ్చాడు. మైదా రకం మారి ముద్ద జారుగా వచ్చిన రోజున ఏం చేయాలో తోచక నాకు ఫోన్ చేశాడు. ఆ తప్పు నాది, ఇప్పటికీ బాధగానే ఉంది. అప్పటినుంచి ఏ కోర్సు గురించి అడిగినా ముందు ఒక్కటే అడగమంటాను: మొత్తం బ్యాచ్‌ను విద్యార్థి ఒక్కతే మొదటి నుంచి చివరిదాకా ఎన్నిసార్లు చేస్తుంది? చుట్టూ నిలబడి చూసే తరగతులను లెక్కలోకి తీసుకోవద్దు.

మిగతా రెండింటిలో పేస్ట్రీ డిప్లొమా ప్రధానంగా చేతి పని. తెల్లవారకముందే మొదలయ్యే షిఫ్టులు, గంటల తరబడి నిలబడటం, ముంజేతుల మీద కాలిన మచ్చలు ఉంటాయి. మైదా దుమ్ము ఏళ్ల తరబడి పీల్చి ఉబ్బసం తెచ్చుకున్న బేకర్లూ ఉన్నారు. ఫుడ్ టెక్నాలజీలో ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు చోటు ఎక్కువ. మామూలుగా దొరికే కాసియా రకం దాల్చినచెక్కలో కూమరిన్ అనే సహజ పదార్థం ఎక్కువ, మోతాదు మించితే కాలేయానికి హాని. పల్చటి పొరల సిలోన్ రకంలో అది చాలా తక్కువ. రోజూ పిల్లలు తినే కుకీలో ఏది వాడాలి, ఎంత వాడాలి? అలాంటివి తేల్చడం ఆ చదువు పని. మీరు పంపిన ఆ ఒక్క పేజీని బట్టి చూస్తే నా మొగ్గు డిగ్రీ వైపే. అయితే డిప్లొమా ఎంచుకున్నా నేను దిగులుపడను. ఒకటి చేశాక రెండోదానికి వెళ్లినవాళ్లూ ఉన్నారు. పదిహేడేళ్లకు తీసుకున్న నిర్ణయంతో జీవితమంతా ముడిపడిపోదమ్మా. ఏ దారైనా లెక్కలు, కెమిస్ట్రీ మాత్రం ఇప్పుడు వదలకూడదు. బేకరీల్లో మైదాను 100గా పెట్టుకుని మిగతావన్నీ దాని శాతాల్లో రాస్తారు. ఆమె కొలతలు 350 గ్రాముల మైదా, 225 వెన్న, 300 చక్కెర. అంటే 100కి సుమారు 64, 86. ఈ భాష వస్తే 24 కుకీలైనా 2,400 అయినా లెక్క ఒకటే.

నిర్ణయానికి ముందు ఒక్క పని చేయండి. పరీక్షలయ్యాక ఒక రోజంతా వంటగది ఆమెకు వదిలేయండి. ఒకే కుకీ, వరసగా 4 బ్యాచ్‌లు. అన్నీ ఒకే సైజు, ఒకే రంగు రావాలి. గిన్నెలు కడగడం, గట్టు తుడవడం కూడా ఆమే. మీరు సాయం చేయొద్దు, సలహా ఇవ్వొద్దు. నాలుగో బ్యాచ్‌కి విసుగొస్తే అది ఆమెకు ఇష్టమైన అలవాటు, హాయిగా అలాగే ఉండనివ్వండి. నడుము నొప్పెడుతున్నా రెండో బ్యాచ్ కంటే నాలుగోది ఎందుకు ఎక్కువ పరుచుకుందని ఆమె మిమ్మల్నే అడిగితే, అప్పుడు మళ్లీ నాకు రాయండి, కాలేజీల పేర్లతో కూర్చుందాం. ఈలోగా ఒక డిజిటల్ త్రాసు కొనిపెట్టండి. కప్పుతో కొలిస్తే, అదిమి పోశామా వదులుగా పోశామా అన్నదాన్ని బట్టి మైదా 120 గ్రాములూ రావచ్చు, 150 కూడా రావచ్చు. ఆ పేజీలో చివరి లైను మీరు చదివారో లేదో: ‘6వ సారి తప్పు వెన్నదేనా, కప్పుదా?’