స్వాతికి, ఫోర్ బై ఫోర్ కొనే ముందు

అమ్మా స్వాతీ,

మావయ్య ఆశీస్సులు. ఫోర్ బై ఫోర్ బండి, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి, కొనాలని ఉందని రాశావు. ఇన్నేళ్లుగా ఆ బళ్లే నడుపుతున్నవాణ్ణి, నీకు వద్దని చెప్పలేను. కానీ ముందు ఒక లెక్క వేసుకో. గడిచిన ఏడాదిలో మామూలు కారు పోలేక నువ్వు వెనక్కి తిరిగి వచ్చిన రోజులెన్ని? వీడియోల్లో చూసి వెళ్లాలనిపించిన చోట్లు లెక్కలోకి రావు. నిజంగా ఆగిపోయిన చోట్లే రాసుకో. నేను చెప్పేవన్నీ ఆ అంకె పక్కన పెట్టి చూడు.

గుంతల రోడ్డుకు, మామూలు మట్టిబాటకు నాలుగు చక్రాలూ లాగక్కర్లేదు. నేలకు కాస్త ఎత్తుగా ఉండి, మంచి టైర్లున్న ఏ బండైనా వెళ్తుంది. ఫోర్ బై ఫోర్ అసలు విలువ లోతైన ఇసుకలో, బురదలో, రాళ్ల ఎగుడులో తెలుస్తుంది. లో రేంజ్ అనే నెమ్మది గేర్ల వరస వేస్తే చక్రాలకు అందే బలం రెండింతలో అంతకు మించో అవుతుంది, బండి మనిషి నడిచినంత నెమ్మదిగా పాకుతుంది. నిటారు దిగుడులో బ్రేకు తొక్కకుండానే ఇంజినే పట్టి ఆపుతుంది. ఆ సుఖం ఒకసారి తెలిశాక మళ్లీ మామూలు బండి నచ్చదు, నా బాధ అదే అనుకో.

అమ్మేవాళ్లు ఆల్ వీల్ డ్రైవ్‌ను, అంటే నాలుగు చక్రాలకూ బలాన్ని బండే దానంతటదే పంచుకునే రకాన్ని కూడా, ఇదే గాటన కట్టేస్తారు. వాటిలో చాలావాటికి లో రేంజ్ ఉండదు. తడి రోడ్డుకు, తేలికపాటి బురదకు అవి బాగానే పనికొస్తాయి, రాళ్లెక్కడానికి కాదు. ఇక లివరుతో వేసుకునే పాతరకం ఫోర్ వీల్ డ్రైవ్‌ను పొడి తారురోడ్డు మీద వాడకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం తిరగవు. ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ మధ్యలో లేకపోతే ఒత్తిడంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పడుతుంది.

ఖర్చు కొండ మీద కాదమ్మా, రోజూ ఆఫీసుకు వెళ్లే దారిలో ఉంటుంది. బరువైన ఛాసిస్, నలుచదరం బాడీ, గరుకు టైర్లు, మూడూ కలిసి పెట్రోలు తాగుతాయి. టైర్ల హోరు ఫోన్ మాట్లాడనివ్వదు, పార్కింగ్ మరో టెన్షన్. సర్వీసింగ్‌లో రెండు డిఫరెన్షియళ్లు, బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, వాటి ఆయిళ్లు అదనం. నీళ్లలో దిగి వచ్చిన ప్రతిసారీ ఆ ఆయిల్ చూడాలి. పాలు కలిపినట్టు తెల్లబడితే నీళ్లు చేరాయని అర్థం.

నాకు అన్నిటికన్నా భయం వేసేది బండి ఇచ్చే ధైర్యం. నాలుగు చక్రాలు లాగితే బండి సులువుగా కదులుతుందే గానీ తొందరగా ఆగదు. బ్రేకులు అందరి బళ్లకూ ఉన్నట్టే దీనికీ ఉంటాయి, పైగా ఇది బరువెక్కువ. ఎత్తు వల్ల హఠాత్తుగా స్టీరింగ్ తిప్పితే బోల్తాపడే అవకాశమూ ఎక్కువే. వాగు సంగతీ అంతే. ఇంజిన్ గాలి పీల్చే గొట్టంలోకి నీళ్లు వెళ్తే సిలిండర్లో నీరు గాలిలా నొక్కుకుపోదు, పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. అలాంటి నష్టానికి బీమా వస్తుందో లేదో కొనకముందే పాలసీలో చదువు.

ఇంకోటి, ఒంటరిగా వెళ్లే సరదా కాదిది. ఇరుక్కుంటే లాగడానికి రెండో బండి ఉండాలి. అలాంటి స్నేహితులు నీకున్నారా? లేకపోతే బండి ఎక్కువగా ఇంటి ముందే ఉంటుంది.

నా మాట అడిగితే, ఆ అంకె చిన్నదైతే కొనకు, కావలసినప్పుడు అద్దెకు తీసుకో. అంతకుముందు ఒక ట్రైనింగ్ తీసుకో. పొలానికో పనికో దారిలేని చోటికి తరచూ వెళ్లాల్సి వస్తే మాత్రం సందేహించకుండా కొను. కొన్నాక ఎత్తు పెంచడం, పెద్ద టైర్లు వేయడం లాంటి హంగులు వెంటనే వద్దు. టైరు పెద్దదైతే స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది, బండి లాగుడూ తగ్గుతుంది. మొదటి డబ్బు మంచి టైర్లకు, గాలి గేజికి, చిన్న కంప్రెసర్‌కు పెట్టు. ఇసుకలో గాలి 18 పీఎస్ఐ దాకా దించితే టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, ఇరుక్కున్న బండి చాలాసార్లు దాంతోనే బయటపడుతుంది. రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి. లాగే పట్టీని ట్రైలర్ తగిలించే గుండుకు ఎప్పుడూ కట్టనివ్వకు. అది విరిగి ఎగిరి తగిలి మనుషులు చనిపోయారు.

పాత బండి చూసేటట్టయితే టార్చిలైటు, దుప్పటి పట్టుకెళ్లి కిందికి దూరి చూడు. ఛాసిస్ తుప్పు, డిఫరెన్షియల్ మీద రాళ్ల గీతలు చాలా కథ చెబుతాయి. వదులు మట్టి మీద లో రేంజ్ వేసి, తీసి చూడు. ఏళ్లుగా వాడని లివరు బిగుసుకుపోయి ఉంటుంది. మీ అమ్మను వెంట తీసుకెళ్లి వెనక సీట్లోకి ఎక్కించు, ఆ మోకాళ్లతో ఎక్కగలదో లేదో అక్కడే తేలిపోతుంది. ఎక్కలేకపోతే పక్కన మెట్టు బిగిస్తామంటారు, బిగించుకో. కాకపోతే రాళ్లలోకి వెళ్లినప్పుడు ముందు తగిలేది ఆ మెట్టే, ఆ సంగతి గుర్తుపెట్టుకుని తేలిగ్గా విప్పేసే రకం అడుగు.

ఇట్లు,
మావయ్య