నమ్ముతున్నాను, అయినా భయం వదలడం లేదు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. పదిహేడో ఏట బాప్తిస్మం తీసుకున్నాను. సండే స్కూలులో పిల్లలకు వాక్యం చెబుతాను. ఏడాదిగా మోకరిస్తే గోడతో మాట్లాడుతున్నట్టు ఉంటోంది. నాకు రక్షణ, అంటే పాపక్షమాపణ, నిత్యజీవం, ఉందా లేదా అన్న భయంతో రాత్రిళ్లు నిద్ర పట్టదు. కూటాల్లో రక్షణ కావాలనుకునేవారు చెయ్యెత్తండని ప్రసంగీకులు పిలిచిన ప్రతిసారీ మళ్లీ చెయ్యెత్తుతున్నాను. మా వారితో చెబితే, ‘నీకు విశ్వాసం తక్కువ, ఉపవాసం ఉండు’ అన్నారు. నేను వేషధారినా?

జవాబు: వేషధారులకు ఈ ప్రశ్నతో నిద్ర చెడదు.

ముందు ఆ చెయ్యెత్తడం మానండి. ఇంటికి తాళం వేశామో లేదో అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చి చూసుకునేవారికి, నాలుగోసారి లాగి చూసినా అనుమానం తీరదు, పెరుగుతుంది. మీరు చేస్తున్నదీ అదే. ప్రతిసారీ మీ మనసునే తడిమి చూసుకుంటున్నారు. అక్కడ నిన్న ఉన్న వెచ్చదనం ఈ రోజు ఉండదు.

బైబిలులో యోహాను తన మొదటి పత్రిక, అంటే ఉత్తరం, ఎందుకు రాశాడో 5వ అధ్యాయం 13వ వచనంలో తానే చెప్పాడు. దేవుని కుమారుని నామమందు విశ్వాసముంచినవారు తమకు నిత్యజీవం ఉందని తెలుసుకోవాలట. గమనించండి, రాసింది నమ్మినవారికే. వారికి కూడా ఆ నిశ్చయం ఒకరు కూర్చుని రాసి చెప్పాల్సి వచ్చింది. అదే పత్రిక 3:20లో, మన హృదయం మన మీద దోషారోపణ చేసినా దేవుడు మన హృదయం కంటే అధికుడని ఉంది. మీ హృదయం చెప్పేదే తుది తీర్పు కాదన్నమాట.

మార్కు సువార్త 9వ అధ్యాయంలో, దయ్యం పట్టిన కొడుకును యేసు దగ్గరకు తెచ్చిన తండ్రిని చూడండి. నమ్ముతున్నాను అంటూనే, నా అపనమ్మకం పోయేలా సహాయం చెయ్యి అని ఒక్క గుక్కలో అరిచాడు. నమ్మకం పూర్తయ్యాక రమ్మని యేసు అతన్ని పంపించలేదు. కుర్రవాడు ఆ రోజే బాగయ్యాడు.

ఇక ప్రార్థన. మాటలు రాని రోజు 88వ కీర్తన తెరిచి బిగ్గరగా చదవండి. చాలా విలాప కీర్తనలు చివరికి స్తుతిలోకి తిరుగుతాయి. ఇది తిరగదు. ‘చీకటి’ దగ్గరే ఆగిపోతుంది. అయినా దాన్ని ఎవరూ గ్రంథంలోంచి తీసెయ్యలేదు. గోడతో మాట్లాడినట్టున్న ప్రార్థనకూ అక్కడ చోటుంది. చదివాక మీ సొంత మాటల్లో రెండు వాక్యాలు నోటుపుస్తకంలో రాసి లేచిపోండి. గంట గడపాలన్న నియమం వద్దు.

నిద్ర విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఒకే భయం వదలకుండా తిరుగుతుంటే డాక్టరుకు చూపించుకోండి. అది విశ్వాసానికి విరుద్ధం కాదు. ఏలీయా ప్రవక్త తాను చనిపోతే బాగుండునని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ప్రసంగం చెయ్యలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. నిద్రే లేని మనిషికి ఇప్పుడు ఉపవాసం నేను చెప్పను.

మీ వారికి కోపంతో జవాబివ్వకండి. ఆయన భయపడి తనకు తెలిసిన మందు చెప్పారు. ఈ రాత్రి పక్కన కూర్చుని ఆ కీర్తన మీకు చదివి వినిపించమనండి. మధ్యలో సలహా చెప్పబోతే, పద్దెనిమిది వచనాలూ పూర్తయ్యాక చెప్పమనండి.