సోషియాలజీ డిగ్రీ ఉంది... ఎంబీఏకి అప్పు చేయాలా?

ప్రశ్న: సోషియాలజీలో డిగ్రీ చేశాను. ఏడాదిగా కస్టమర్ సపోర్ట్‌లో పనిచేస్తున్నాను. ఎనిమిది నెలల ఖర్చులకు సరిపడా పొదుపు ఉంది. ఈ డిగ్రీతో ఉద్యోగాలు రావని, లోన్ తీసుకుని రెండేళ్ల ఎంబీఏ చేయమని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: లోన్ కాగితాల మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. ముందు మీ నెల జీతాన్నే కొలతగా పెట్టుకుని లెక్క వేద్దాం. ఫీజు 20 నెలల జీతమంత ఉందనుకోండి. చదివే 24 నెలలూ జీతం రాదు కాబట్టి అసలు ఖర్చు 44 నెలల జీతం. కోర్సయ్యాక జీతం ఒకటిన్నర రెట్లయినా, ఆ అదనపు సగంతో పెట్టింది తిరిగి రావడానికి 88 నెలలు, అంటే ఏడేళ్లకు పైనే పడుతుంది. ఇందులో వడ్డీ కలపలేదు. చాలా లోన్లకు చదువుకునే రోజుల్లోనూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

ఉద్యోగాలు రావన్న మాట దగ్గరికొస్తే, 'సోషియాలజిస్ట్ కావలెను' అనే ప్రకటన అరుదే. వెతకాల్సిన పేర్లు వేరు: సర్వే రీసెర్చ్, మార్కెట్ రీసెర్చ్, యూజర్ రీసెర్చ్, హెచ్‌ఆర్, స్వచ్ఛంద సంస్థల్లో పథకాల ఫలితాలను అంచనా వేసే పని. సోషల్ వర్క్‌కు మాత్రం చాలాచోట్ల వేరే చదువు, లైసెన్స్ అడుగుతారు.

మీ చదువు విలువ ఎక్కడుందో ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. 'మా యాప్ మీకు ఉపయోగపడుతోందా?' అని అడిగితే ఎక్కువమంది మొహమాటానికి అవునంటారు. 'దాన్ని చివరిసారి ఎప్పుడు తెరిచారు, ఏ పని కోసం?' అని అడిగితే నిజం బయటికొస్తుంది. కంపెనీలు డబ్బిచ్చేది ఈ తేడా తెలిసినవాళ్లకే. కొద్దిమందిని ఒకచోట కూర్చోబెట్టి అభిప్రాయాలు రాబట్టడాన్ని ఫోకస్ గ్రూప్ అంటారు. మార్కెటింగ్‌లో ఇప్పుడు విరివిగా వాడే ఈ పద్ధతికి మూలం 1940లలో రాబర్ట్ మెర్టన్ అనే సోషియాలజిస్ట్ చేసిన ఇంటర్వ్యూ పద్ధతులే.

ఈ డిగ్రీ చేసినవాళ్లలో సాధారణంగా లోటు కనిపించేది అంకెలను విశ్లేషించే దగ్గర. పొదుపులో ఆరు నెలల ఖర్చుల సొమ్ము ముట్టుకోకండి. మిగిలిన రెండు నెలల సొమ్ములో కొంత స్టాటిస్టిక్స్ కోర్సుకు పెట్టండి. డేటాను విశ్లేషించడానికి వాడే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ ఉచితం. ఏదైనా ప్రభుత్వ సర్వే డేటా దించుకుని, ఒక్క ప్రశ్నకు జవాబు వెతికి రెండు పేజీల రిపోర్టు రాయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ఆ రెండు పేజీల గురించే ఎక్కువ మాట్లాడగలుగుతారు.

ఉద్యోగం ఎవరి ద్వారా దొరుకుతుందన్నది కూడా మీ సబ్జెక్టే చెప్పింది. మార్క్ గ్రానొవెటర్ అనే సోషియాలజిస్ట్ 1973లో ప్రచురించిన పరిశోధనలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో తరచూ కలిసే మనిషి వల్ల దొరికినవాళ్లు దాదాపు 17 శాతమే. మిగతావాళ్లకు అప్పుడప్పుడో, అరుదుగానో కలిసేవాళ్ల వల్లే దొరికింది. ప్రాణస్నేహితులకు తెలిసిన ఖాళీలు మీకూ తెలిసే ఉంటాయి కదా! అందుకే పాత సీనియర్లకు, ఒకప్పటి సహోద్యోగులకు ఈ వారమే ఫోన్ చేయండి. మొహమాటపడకండి, ఉద్యోగం అడగక్కర్లేదు. వాళ్లు రోజంతా ఏం పని చేస్తారో అడగండి చాలు.

ఇప్పటి ఉద్యోగం వదలకుండా ఏడాది ఇలా ప్రయత్నించండి. అప్పటికీ మీకు నచ్చిన పనికి పైచదువు తప్పదని తేలితే, ఫీజు, వడ్డీ రేటు, ఆ కోర్సు చేసినవాళ్లకు మొదట వస్తున్న జీతం రాసి పంపండి. ఈఎంఐ ఆ జీతంలో ఐదో వంతు దాటకుండా లోన్ ఎంత తీసుకోవచ్చో కలిసి లెక్క వేద్దాం.