రోహిణి కార్తెలో పూలతోట: ఎర్రనల్లికి, మల్లె మొగ్గ ఈగకు మేం చేసేది

కావలి దగ్గర ఇంటి వెనక 8 సెంట్లలో మల్లె, బంతి, లిల్లీ, కొంచెం జీనియా వేశామని రాశారు. ఎండలు ముదిరాక బంతి ఆకులు పాలిపోయి వాటి మీద సన్నటి దారాలు కనిపిస్తున్నాయని, మల్లె మొగ్గలు ఊదారంగుకు తిరిగి రాలిపోతున్నాయని, వేపనూనె కొడితే ఆకులు ఇంకా మాడిపోయాయని అన్నారు. రసాయన మందుల జోలికి పోకుండా ఈ నెల గట్టెక్కాలంటే ఏం చేయాలని అడిగారు.

మాది సింగరాయకొండ పక్కన పల్లె. పన్నెండేళ్ళుగా అర ఎకరంలో పూలు పండిస్తున్నాం, నేనూ మా ఆయనా. మీరు రాసిన మూడు కష్టాలూ మేం పడ్డవే. అయితే ఆ మూడూ ఒకటి కావు. ఒకటి ఎర్రనల్లి, అంటే ఆకు రసం పీల్చే చిన్న పురుగు, ఒకటి మొగ్గ ఈగ, మూడోది మందు కొట్టిన వేళ తప్పడం. మూడింటికీ ఒకే సీసా వెతికితే డబ్బులు పోతాయి, తోటా పోతుంది.

ముందు ఆ మాడిన ఆకుల సంగతి చెబుతాను. మీరు వేపనూనె పొద్దున తొమ్మిదింటికి కొట్టి ఉంటారని నా అనుమానం. మొదటి ఏడాది నేనూ అదే చేశాను. మే నెల, బయట 43 డిగ్రీలు. లీటరుకు 5 మి.లీ. చొప్పున కలిపి, అది నీళ్ళలో కలవడానికి బట్టల సబ్బుపొడి వేసి, ఎండెక్కుతుండగా కొట్టాను. రెండు రోజుల్లో బంతి చెట్లు నిప్పు సెగ తగిలినట్టు అయ్యాయి. నూనె పొర మీద ఆ ఎండ పడితే ఆకు తట్టుకోలేదు. పైగా వేపలో పురుగు మీద పనిచేసే సారం ఎండకు తొందరగా చెడిపోతుంది. అంటే పగలు కొడితే ఆకు మాడుతుంది, పురుగు మాత్రం బాగానే ఉంటుంది.

ఆ కంగారులో ఒక కొట్టుకు వెళ్ళి వాళ్ళిచ్చిన ఘాటు మందు తెచ్చి కొట్టాం. వారం తిరిగేసరికి నల్లి రెట్టింపయింది. ఎందుకో నాకు చాలా రోజులకు గానీ అర్థం కాలేదు. ఆ మందుకు నల్లి చావలేదు, దాన్ని తినే అక్షింతల పురుగులు, సాలీళ్ళు చచ్చాయి. అడ్డం లేకపోయేసరికి నల్లి విచ్చలవిడిగా పెరిగింది. అప్పటినుంచి మా తోటలోకి ఆ మందులు రానివ్వలేదు.

ఇప్పుడు మీ బంతి. ఒక తెల్ల కాగితం తీసుకుని పాలిపోయిన కొమ్మ కింద పట్టి వేలితో రెండుసార్లు కొట్టండి. కాగితం మీద ఆవగింజలో పావు వంతు కూడా లేని చుక్కలు పడి, కాసేపటికి కదిలితే అది ఎర్రనల్లే. ఎండ, పొడిగాలి, దుమ్ము, ఈ మూడూ ఉన్నచోట దానికి పండగ. మీ తోట మట్టిరోడ్డు పక్కనే అన్నారు కదా, దుమ్ము వైపున్న వరసలోనే ఎక్కువ ఉంటుంది, చూడండి. ఈ వేడిలో అది గుడ్డు నుంచి పెద్దదయ్యేందుకు వారం రోజులు చాలు.

దీనికి మేం వాడే మొదటి మందు నీళ్ళే. తెల్లవారుజామున ఐదింటికి పైపు చివర వేలు అడ్డంపెట్టి, ఆకుల అడుగు భాగానికి తగిలేలా కింది నుంచి పైకి కొడతాం. పైనుంచి కొడితే ఏమీ లాభం లేదు, నల్లి కాపురం అంతా ఆకు కిందే. మూడు రోజులకోసారి, మూడు విడతలు. గూళ్ళు తెగుతాయి, దుమ్ము పోతుంది, ఎండెక్కేలోగా ఆకు ఆరిపోతుంది. బాగా ముదిరి దారాలు అల్లుకున్న కొమ్మల్ని మాత్రం దయదలచకుండా తుంచి సంచిలో వేసి కట్టేయండి. సగం చెట్లకు అక్కడితోనే సరిపోతుంది.

ఇంకా ఉంటే వేపగింజల కషాయం. నూనె కంటే ఎండాకాలంలో నాకు దీనిమీదే గురి. అరకిలో ఎండు వేపగింజలు రోట్లో కచ్చాపచ్చాగా దంచి, పల్చటి గుడ్డలో మూటకట్టి, 10 లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. మర్నాడు మూటను ఆ నీళ్ళలోనే పదే పదే పిండి, వడకట్టి, ఆ సాయంత్రమే వాడెయ్యాలి. నిల్వ ఉంచితే పట్టు పోతుంది. గింజ పగలగొట్టి చూడండి, లోపల పప్పు పచ్చగా ఉంటేనే పనికొస్తుంది. నల్లబడినా బూజు పట్టినా పారేయండి. నూనే వాడాలనుకుంటే ఈ రోజుల్లో లీటరుకు 3 మి.లీ. దాటించకండి. ముందు రెండు చెట్లకు కొట్టి రెండు రోజులు ఆగి చూసి, తర్వాతే మిగతావాటికి. ఏది కొట్టినా సాయంత్రం ఆరు తర్వాత, అదీ పాదులకు నీళ్ళు పెట్టిన రోజున. దాహంతో వడలిన చెట్టుకు మందు కొడితే వేపయినా సరే దెబ్బ తగులుతుంది.

సబ్బు విషయం ఒకటి చెప్పాలి, మన ప్రాంతంలో ఇది ముఖ్యం. మీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయన్నారు. మావీ అంతే. అలాంటి నీళ్ళలో సబ్బు నురగ రాదు, విరిగిపోయి తెట్టు కడుతుంది, స్ప్రేయర్ నాజిల్‌కు అడ్డం పడుతుంది. నూనె కలవకుండా పైకి తేలి, ట్యాంకులో చివరి లీటరు మొత్తం నూనే వస్తుంది. ఆకులు మాడటానికి అదీ ఒక కారణమే. మేం కుంకుడుకాయ వాడతాం. పదికాయలు గింజ తీసి నలగ్గొట్టి, లీటరు వేడినీళ్ళలో రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి వడకడితే వచ్చే రసంలో నూనె పోసి చిలికి, ఆ తర్వాత మిగతా నీళ్ళలో కలపాలి. కుంకుడు రసం ఉప్పునీళ్ళలో కూడా విరగదు.

ఆ ఉప్పు వల్ల ఆకు అంచులు గోధుమరంగుకు తిరిగి ఎండుతాయి. చాలామంది దాన్ని తెగులనుకుని మందులు కొడుతూనే ఉంటారు. నల్లి పడితే ఆకంతా చుక్కలు చుక్కలుగా పాలిపోతుంది, ఉప్పు దెబ్బకు అంచులే మాడతాయి. దీనికి రోజూ పైపైన తడపడం మానేసి, రెండు రోజులకోసారి లోతుగా దిగేలా తెల్లవారుజామున పెట్టండి. పైపైన తడిపితే నీరు ఆవిరై ఉప్పు వేళ్ళ దగ్గరే మిగిలిపోతుంది. కుండలో వాననీళ్ళు పట్టుకున్నవేమైనా ఉంటే మందు కలపడానికి దాచుకోండి.

ఇక మల్లె. ఊదారంగు మొగ్గ కనిపించగానే నాకు గుండె జారుతుంది, ఎందుకంటే ఇది ఆకుకు వచ్చినట్టు కాదు, చేతికొచ్చిన పంటనే తింటుంది. దోమలాంటి చిన్న ఈగ మొగ్గలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు మొగ్గ అడుగు భాగాన్ని తినేసరికి అక్కడ ఉబ్బి, రంగు తిరిగి, ఎండి రాలుతుంది. ఒక మొగ్గను గోటితో చీల్చి చూడండి, సన్నటి పురుగులు కనిపిస్తాయి. మొగ్గకు రంధ్రం ఉండి లోపల నల్లతల పురుగు ఒక్కటే ఉంటే అది వేరు, మొగ్గ తొలిచే పురుగు. ఈగ పురుగులు ఎదిగాక నేలలోకి దిగి, అక్కడ కోశంగా మారి, మళ్ళీ ఈగలై పైకి లేస్తాయి. కాబట్టి చెట్టు మీద ఎంత కొట్టినా, నేలమీద రాలిన మొగ్గల్ని వదిలేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

మేం చేసేది ఇది. ఖాళీ గోనెలు, పాత సిమెంటు సంచులు విప్పి మల్లె మొదళ్ళ చుట్టూ పరుస్తాం. రాలిన మొగ్గలు వాటి మీదే పడతాయి. రోజూ కోత అయ్యాక దులిపి, చెట్టు మీదున్న ఊదా మొగ్గలు కూడా ఒక్కటి వదలకుండా తెంపి, నల్ల ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి ఎండలో పడేస్తాం. రెండు మూడు రోజుల్లో లోపలున్నవన్నీ ఉడికిపోతాయి. వాటిని పేడదిబ్బలో వేయకండి. పాదులో మట్టిని వారానికోసారి పైపైన గీరి, చెట్టుకు గుప్పెడు వేపపిండి (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిండి) కలుపుతాం. మొగ్గ బాగున్నా బాగా లేకపోయినా కోత ఒక్క రోజు కూడా ఆపకూడదు. ధర లేదని రెండు రోజులు వదిలేసిన తోటలోనే ఈగ బాగా పెరగడం నేను చూశాను.

ఇక్కడ ఒక తిరకాసుంది. ఎండాకాలం మొదళ్ళకు గడ్డి కప్పాలని అందరూ చెబుతారు, నిజమే, బంతికి, జీనియాకు నేనూ కప్పుతాను. వరిగడ్డి, వేరుశనగ పొట్టు, మా వైపు సరుగుడు ఆకు కూడా. కానీ మొగ్గ ఈగ ఉన్న మల్లె కింద మాత్రం గడ్డి కప్పితే పురుగుకు చల్లటి ఇల్లు కట్టి ఇచ్చినట్టే. ఈగ తగ్గేదాకా మల్లెకు సంచులే పరవండి. గడ్డి వేసినచోట చెదలు పట్టకుండా కాస్త వేపపిండి చల్లండి. గడ్డి కింద పాములు చేరతాయి, ముఖ్యంగా రక్తపింజర. తెల్లవారుజామున కోతకు దిగేటప్పుడు టార్చిలైటు, చేతికర్ర లేకుండా ఎవరినీ పంపకండి.

మల్లెకు వేపనూనె కొట్టేముందు ఇంకో మాట. వాసన మొగ్గకు పడుతుంది. మర్నాడు మూర పెట్టుకున్న ఆడపిల్లకు మల్లె వాసన రాకుండా వేప వాసన వస్తే మీ పూలు ఇంకెవరూ కొనరు. మల్లె విడతలు విడతలుగా పూస్తుంది కదా, ఒక విడత అయిపోయి తర్వాతి మొగ్గ ఇంకా చిన్నగా ఉన్న రోజుల్లోనే కొట్టండి. కాపు జోరుగా ఉన్నప్పుడు ఏరడమే మందు.

లిల్లీకి పెద్ద బెంగ లేదు. కాడ మీద వెండిరంగు గీతలు కనిపిస్తే తామర పురుగులు, నీలం రంగు జిగురు అట్టలు వరసకు ఒకటి కట్టండి. జీనియా ఆకు మీద తెల్ల పొడి కనిపిస్తే పులిసిన మజ్జిగ పదింతల నీళ్ళలో కలిపి కొట్టండి, వారం ఆగి మళ్ళీ ఒకసారి.

మన వైపు ఎవరో ఒకరు పొగాకు కషాయం కొట్టమని చెప్పే ఉంటారు. టంగుటూరు చుట్టుపక్కల పొగాకు కాడలు ఊరికే దొరుకుతాయి మరి. దయచేసి వద్దు. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి మంచిదే అనుకోవడం పొరపాటు. నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. పచ్చి పొగాకు రెలిచే కూలీలకు తల తిరగడం, వాంతులు అవడం మన ఊళ్ళలో చూస్తూనే ఉన్నాం. అది తేనెటీగనూ చంపుతుంది, అక్షింతల పురుగునూ చంపుతుంది. మనం పండించేది జడలో పెట్టుకునే పువ్వు, దేవుడికి వేసే పువ్వు. చేతులకు గ్లౌజులు లేకుండా కోసేది మన ఇంటివాళ్ళే.

చెట్లకు ఈ నెలలో చేయాల్సిన మిగతా పనులు తక్కువే. మల్లెను ఇప్పుడు కత్తిరించకండి, దానికి డిసెంబరు, జనవరి ఉంది. బంతికి వాడిన పూలు తుంచుతూ ఉంటే కొత్త మొగ్గ వస్తుంది. పడమటి వైపు ఎండ నేరుగా కొడుతుంటే ఈ ఏడాదికి 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ నిలువుగా కట్టండి, వచ్చే ఏడాదికి ఆ గట్టున అవిశె చెట్ల గింజలు వేసుకోండి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిన రోజు చెట్టు ఊపిరి పీల్చుకుంటుంది. పడమటి గాలి పొద్దుగూకేదాకా ఆగకుండా కొట్టిన రోజు మాత్రం ఏ పనీ పెట్టుకోకండి, మందు అసలే వద్దు, నీళ్ళు పెట్టి వదిలేయండి. లిల్లీ కాడను కింది రెండు మూడు పూలు విచ్చినప్పుడు కోసి వెంటనే బకెట్ నీళ్ళలో పెట్టాలి. జీనియా కాడను పట్టి ఊపితే తల వేలాడకుండా నిటారుగా ఉంటేనే కోయండి.

గోదావరి జిల్లాల వీడియోలు చూసి జూన్‌లో కొత్త నారు పోయాలని తొందరపడకండి. వాళ్ళకు తొలకరి వస్తుంది, మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే. జూన్, జులై మనకు ఇంకా ఎండాకాలమే, ఎర్రనల్లి కూడా అప్పటిదాకా ఉంటుందనే లెక్కతో ఉండండి.

మీరు ఈ రాత్రికే ఏదో ఒకటి కొట్టాలని చూడకండి. రేపు తెల్లవారగానే కాగితం పరీక్ష చేసి, ఆకుల అడుగు కడిగి, ఊదా మొగ్గలు ఏరి సంచిలో కట్టండి. వారం రోజులు అంతవరకే చేయండి. కొత్త ఆకు చుక్కలు లేకుండా వస్తోందంటే ఇక కషాయం అక్కర్లేదు. మీ వీధి చివర వేపచెట్టు ఉందన్నారు కదా, వచ్చే నెలలో పండ్లు రాలడం మొదలవుతుంది. పిల్లల చేత రోజూ ఏరించి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, గాలి ఆడే గోనెసంచిలో దాచుకోండి. డబ్బాలో మూత పెట్టి ఉంచితే బూజు పడుతుంది.