చైల్డ్‌మైండర్ దగ్గర మాన్పించేటప్పుడు నోటీసు, సెలవుల లెక్క: ఆగస్టు దాకా ఆగకండి

మీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు ఇదండీ. బాబుకి రెండేళ్ళు. ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో చైల్డ్‌మైండర్ (తన ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే ఆవిడ) దగ్గర వారానికి నాలుగు రోజులు ఉంటున్నాడు. సెప్టెంబర్ 1 నుంచి నర్సరీలో సీటు దొరికింది. జూలై 25న మూడు వారాలకి ఇండియా వెళ్తున్నారు. చైల్డ్‌మైండరేమో ఆగస్టు 17 నుంచి రెండు వారాలు సెలవు. కాంట్రాక్టులో నాలుగు వారాల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని ఉంది. ఆగస్టు మొదట్లో ఇస్తే చాలా, ఈ సెలవులన్నిటికీ డబ్బు కట్టాలా అని మీ ప్రశ్న.

ఆగస్టు దాకా ఆగకండి. జూన్ 26 శుక్రవారంలోపు నోటీసు ఇచ్చేయండి. వీలైతే రెండు రోజులు ముందే ఇవ్వండి. అక్కణ్ణించి నాలుగు వారాలు లెక్కేస్తే జూలై 24 శుక్రవారం వస్తుంది. మర్నాడే మీ ప్రయాణం. మీరు అనుకున్నట్టు ఆగస్టు 31తో ముగిస్తే ఏమవుతుందో క్యాలెండర్ ముందు పెట్టుకుని చూడండి. ఆగస్టు 14 దాకా మీరు ఇండియాలో ఉంటారు. 17 నుంచి ఆవిడ ఉండరు. 31 సోమవారం బ్యాంక్ హాలిడే, అంటే ప్రభుత్వ సెలవు. అంటే ఆగస్టు మొత్తంలో బాబు ఆవిడ ఇంటి గడప తొక్కేది ఒక్క రోజు కూడా లేదు. కానీ మీరు ఇండియాలో ఉన్న మూడు వారాలకి ఫీజు మాత్రం పడుతుంది. మనం సెలవు పెడితే పూర్తి ఫీజు కట్టాలనే చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది. ఆవిడ సెలవు పెడితే ఏమిటన్నది కాంట్రాక్టును బట్టి మారుతుంది: కొందరు ఏమీ తీసుకోరు, కొందరు సగం, కొందరు మొత్తం తీసుకుంటారు. ఇంగ్లండ్‌లో ఏడాదికి మామూలుగా వచ్చే ఎనిమిది బ్యాంక్ హాలిడేల సంగతీ అంతే, అందులో ఏం రాసి ఉంటే అదే.

ఏ తేదీకి ముగించినా ఆగస్టు 17 తర్వాతి రెండు వారాలు బాబుని చూసుకునేవాళ్ళు లేరన్నది మారదు. ఆఫీసులో ఆ లీవు సంగతి ఇప్పుడే తేల్చుకోండి.

నోటీసు ఇచ్చేముందు కాంట్రాక్టు మళ్ళీ ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చదవండి. నోటీసు ఏ రోజైనా ఇవ్వొచ్చా, నెల మొదటి తారీఖు నుంచే లెక్కిస్తారా? ఆవిడ సెలవులో ఉన్న వారాలు నోటీసు కాలంలో కలుస్తాయా, కలవవా? కలవవని కొందరు స్పష్టంగా రాస్తారు. మీకు జూన్, జూలైల్లో ఆ గొడవ రాదు, ఈ తేదీ చెప్పడానికి అదీ ఒక కారణం. మొదట్లో కట్టిన డిపాజిట్‌ని చివరి బిల్లులో తగ్గిస్తారో, విడిగా తిరిగిస్తారో కూడా చూడండి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మేము రీడింగ్ అనే ఊళ్ళో ఉన్నప్పుడు ఇదే విషయంలో బాగా టెన్షన్ పడ్డాం. మా పాప అక్కడ ఒక చైల్డ్‌మైండర్ దగ్గరికి వారానికి మూడు రోజులు వెళ్ళేది, రోజుకి 60 పౌండ్లు. మానేస్తున్నామని ఒక శుక్రవారం సాయంత్రం పాపని తీసుకొస్తూ గుమ్మం దగ్గర నోటిమాటగా చెప్పాను. ఆవిడ "సరే" అన్నారు. అంతటితో అయిపోయిందనుకున్నాను. ఈమెయిల్ రెండు వారాల తర్వాత పంపాను. ఆవిడ నాలుగు వారాలూ ఈమెయిల్ తేదీ నుంచి లెక్కపెట్టారు. కాంట్రాక్టులో "రాతపూర్వకంగా" అన్న మాట ఉంది, దాని కింద నా సంతకం ఉంది. రెండు వారాల ఫీజు, 360 పౌండ్లు, అదనంగా పడ్డాయి.

దానికంటే ఎక్కువ మాట పట్టింపు వచ్చింది ఇంకో 270 పౌండ్ల దగ్గర. ఇది చాలామందికి చివరి బిల్లు చేతికొచ్చేదాకా తెలియదు కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఆవిడ ఏడాదికి ఐదు వారాలు సెలవు తీసుకునేవారు, ఆ వారాలకి ఫీజు లేదు. మిగిలిన 47 వారాలకి వారానికి 180 చొప్పున మొత్తం 8,460 పౌండ్లు. దాన్ని పన్నెండు భాగాలు చేసి నెలకి 705 తీసుకునేవారు. సెలవులున్న నెలైనా లేని నెలైనా అదే 705. మేము జనవరి మొదట్లో చేర్చి జూన్ ఆఖరుకి మానేశాం. ఆ 26 వారాల్లో ఆవిడ తీసుకున్న సెలవు ఒక్క వారమే, మిగతా సెలవులన్నీ వేసవిలోనూ క్రిస్మస్‌కీ ఉన్నాయి. అంటే పాప వెళ్ళింది 25 వారాలు. దాని ఖరీదు 4,500. మేము కట్టింది ఆరు నెలలకి 4,230. ఆ తేడానే 270.

మా ఆయన మొదట ఒప్పుకోలేదు. "నెలనెలా బాకీ లేకుండా కట్టాం కదా, మళ్ళీ ఇదేంటి?" అన్నారు. ఆ రాత్రి ఇద్దరం కాగితం మీద లెక్క వేసుకుంటే ఆవిడ చెప్పిందే సరిపోయింది. కట్టేశాం. మీ ఫీజు కూడా నెలకి ఒకే మొత్తంగా ఉంటే, నోటీసు ఇచ్చే రోజే చివరి లెక్క రాసివ్వమని అడగండి. ఒక్కోసారి మీకే తిరిగి రావాల్సి ఉంటుంది. ఆవిడ సెలవులన్నీ అయిపోయాక మానేసేవాళ్ళకి అలా వస్తుంది.

హైదరాబాద్‌లో మా అక్క వాళ్ళింట్లో పాపని చూసుకునే ఆయమ్మ మానేసినప్పుడు, ఆ నెల జీతం చేతిలో పెట్టి ఒక చీర ఇచ్చి పంపారు. ఆ అలవాటుతోనే నేనూ గుమ్మం దగ్గర మాట సరిపోతుందనుకున్నాను. ఇక్కడ చైల్డ్‌మైండర్ మన దగ్గర జీతానికి పనిచేసే మనిషి కాదు. సొంతంగా పని చేసుకునే మనిషి, ఇంగ్లండ్‌లోనైతే ఆఫ్‌స్టెడ్‌లోనో (బడుల్ని, పిల్లల్ని చూసుకునే చోట్లని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ), చైల్డ్‌మైండర్ ఏజెన్సీలోనో రిజిస్టర్ అయి ఉంటారు. అందుకే ఉద్యోగ చట్టాల్లోని సెలవులు, నోటీసు నిబంధనలు ఈ సంబంధానికి వర్తించవు. మీ ఇద్దరి మధ్యా ఉన్నది ఆ కాంట్రాక్టే. ఆవిడ వైపు నుంచి కూడా చూడండి: ఒక్కరే పనిచేసే చైల్డ్‌మైండర్ మామూలుగా ఐదేళ్ళలోపు పిల్లల్ని ఒకేసారి ముగ్గురికి మించి చూసుకోకూడదు. మీ బాబు వెళ్ళిపోతే ఆ మూడింటిలో ఒక చోటు ఖాళీ అవుతుంది. ఇంకో బిడ్డని వెతుక్కోవడానికి ఆవిడకి ఉన్న గడువు ఆ నాలుగు వారాలే. ఇది తెలిశాక నాకు ఆ 360 మీద కోపం పోయింది.

అలాగని ఆవిడ అడిగిందల్లా కట్టాలని కాదు. సంతకం చేసిన కాంట్రాక్టులోనైనా తల్లిదండ్రుల మీద అన్యాయంగా భారం వేసే షరతు ఉంటే, 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం అది చెల్లదు. కాంట్రాక్టులో లేని ఫీజు అడిగితే ఏ షరతు కింద అడుగుతున్నారో రాసి పంపమనండి. తేలకపోతే ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ వాళ్ళని సంప్రదించండి. నేను చూసినంతలో చాలా గొడవలు అంత దూరం వెళ్ళకుండా, కాంట్రాక్టు ఎదురుగా పెట్టుకుని ఇద్దరూ కూర్చుంటే తేలిపోతాయి.

పిల్లల్ని చూసుకునే ఖర్చు ప్రభుత్వమే భరించే ఉచిత గంటలు మీ బాబుకి వస్తుంటే సెప్టెంబర్‌లో మారడం మీకు కలిసొస్తుంది. ఆ గంటల టర్మ్‌లు జనవరి 1న, ఏప్రిల్ 1న, సెప్టెంబర్ 1న మొదలవుతాయి. టర్మ్ మధ్యలో మారితే ఆ గంటలు పాత చోటే ఉండిపోయే చిక్కు రావొచ్చు, మీకు ఆ బాధ లేదు. మూడు నెలలకోసారి మీ వివరాలు మళ్ళీ నిర్ధారించాలి కదా, ఆ గడువు మీరు ఇండియాలో ఉన్నప్పుడు పడుతుందేమో ముందే చూసుకోండి. ఆ గంటల కోసం ప్రభుత్వం మీకిచ్చిన కోడ్‌ని నర్సరీకి ఇప్పుడే ఇచ్చేయండి.

ఇక చెప్పే పద్ధతి. ముందు ఎదురుగా చెప్పండి, పిల్లల్ని అందరూ తీసుకెళ్ళే హడావిడిలో కాకుండా ఐదు నిమిషాలు అడిగి తీసుకుని. అదే సాయంత్రం ఈమెయిల్ పంపండి. అందులో మూడు విషయాలు చాలు: ఈ రోజు తేదీతో నాలుగు వారాల నోటీసు ఇస్తున్నామని, బాబు చివరి రోజు జూలై 24 అని, డిపాజిట్‌తో సహా చివరి లెక్క పంపమని. అందినట్టు జవాబివ్వమని అడగండి. వాట్సాప్‌లో పంపితే సరిపోతుందా అని మీరు రాశారు. కాంట్రాక్టులో వాట్సాప్ చెల్లుతుందని ఉంటే తప్ప దాని మీద ఆధారపడకండి.

బాబుకి కూడా చెప్పండి. మా పాపకి మేము చెప్పలేదు, రెండున్నరేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుందిలే అనుకున్నాం. తర్వాత రెండు వారాలు పొద్దున్నే షూస్ తెచ్చి నా ముందు పెట్టి ఆవిడ ఇంటికి వెళ్దామని అడిగేది. చివరికి ఆవిడకి ఫోన్ చేశాను. బిల్లు దగ్గర అన్ని మాటలు జరిగినా, ఒక శనివారం మమ్మల్ని టీకి రమ్మన్నారు. పాప ఆవిడ ఒళ్ళో కూర్చుని తన పాత బొమ్మలన్నీ ఒక్కొక్కటే మాకు చూపించింది. ఆ తర్వాత షూస్ తేవడం మానేసింది. మీరు ఇండియా నుంచి వచ్చేసరికి ఆవిడ సెలవులో ఉంటారు కాబట్టి, జూలై 24 సాయంత్రం ప్యాకింగ్ తొందరలో ఉన్నా సరే, అక్కడ ఒక అరగంట ఎక్కువ ఉండేలా వెళ్ళండి.